రిపోర్టులన్నీ బాగున్నాయి, మరి ఆపరేషన్ ఎందుకు?

ఒకరోజు ఇషా నమాజు ముగిశాక ఒక యువకుడు మసీదు వరండాలో నా కోసం ఆగి ఉన్నాడు. చేతిలో దళసరి ఆసుపత్రి ఫైలు. భార్యను మా ఇంట్లో నా అహ్లియా దగ్గర కూర్చోబెట్టి వచ్చానన్నాడు. సలాం అయ్యాక ఎక్కువ మాటలు పెట్టుకోకుండా విషయం చెప్పేశాడు.

“హజ్రత్, నికాహ్ అయి ఆరేళ్ళు. నాకు ముప్ఫై నాలుగు, ఆమెకు ముప్ఫై ఒకటి. ఇద్దరికీ పరీక్షలన్నీ అయ్యాయి. ఎవరిలోనూ ఏ లోపమూ లేదంటున్నారు. కానీ పిల్లలు లేరు. ఇప్పుడు మత్తిచ్చి పొట్టలోకి కెమెరా పంపి చూద్దామంటున్నారు. మీరు మా తరఫున ఇస్తిఖారా చేసి చెప్పండి. చేయించమంటే చేయిస్తాం, వద్దంటే మానేస్తాం.”

ఇటువంటి ప్రశ్న నా దగ్గరకు రావడం అది మొదటిసారి కాదు. నాలుగేళ్ళ క్రితం ఒక జుమా రోజున, జనం మధ్యలో, ఇంకో సోదరుడు దాదాపు ఇదే మాట అడిగాడు. నేను నిలబడే సమాధానం చెప్పాను. సంతానం అల్లాహ్ చేతిలో ఉంది, సబ్ర్ చేయండి, దుఆ చేయండి అన్నాను. రెండు నిమిషాల్లో మాట ముగిసింది. అతని భార్యకు ఏదైనా బాధ ఉందా, ఇంతకుముందు ఏదైనా జబ్బు చేసిందా అని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. రెండేళ్ళ తర్వాత తెలిసింది, ఆమె గర్భసంచికి, ట్యూబులకు టీబీ ఉందని. చిన్నప్పుడు ఆమెకు ఊపిరితిత్తుల టీబీ వచ్చి తగ్గిందట. ఆలస్యం వల్ల ఎంత నష్టం జరిగిందో అల్లాహ్‌కే తెలుసు. నేను చెప్పిన మాటలో అబద్ధం లేదు. కానీ ఆ మాట చెప్పే ముందు తెలుసుకోవలసినది నేను తెలుసుకోలేదు.

అందుకే ఈసారి ఆ యువకుడిని ఇంటికి తీసుకువెళ్ళి కూర్చోబెట్టాను. ఆ రాత్రి జరిగిన మాటలు, ఆ తర్వాత గ్రంథాలు తిరగేసి, తెలిసిన డాక్టర్లను అడిగి నేను గ్రహించినవి మీ ముందుంచుతున్నాను. మన ఇళ్ళలో ఈ బాధ అనుభవిస్తున్నవారు తక్కువేమీ కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలియజేసింది.

వైద్యం చేయించుకోవచ్చా అన్నది పాత ప్రశ్న. దానికి సమాధానం ఎప్పుడో వచ్చేసింది. ఎడారివాసులు కొందరు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వద్దకు వచ్చి, మేము వైద్యం చేయించుకోవాలా అని అడిగినప్పుడు, ఆయన చేయించుకోమనే చెప్పారు. ముసలితనం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు పెట్టాడని కూడా తెలిపారు. ఇది అబూదావూద్‌లో, తిర్మిజీలో ఉంది. కాబట్టి సంతానం కోసం వైద్యుడి దగ్గరకు వెళ్ళడం తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరైనా అంటే, వారికి తవక్కుల్ అంటే ఏమిటో తెలియదన్నమాట. జకరియ్యా (అలైహిస్సలాం) వృద్ధాప్యంలో సంతానం కోసం అర్థించారు. అల్లాహ్ ఆయన దుఆ స్వీకరించి, ఆయన భార్యను ఆయన కోసం బాగు చేశాడని సూరె అంబియాలో ఉంది. గొడ్రాలిగా ఉన్న ఆమెను సంతానానికి యోగ్యురాలిగా చేయడమే ఇక్కడి భావమని ముఫస్సిరీన్‌లో చాలామంది రాశారు.

అయితే ఈ దంపతుల ప్రశ్న దీనికంటే ఒక మెట్టు ముందున్నది. వీరికి రోగమేమిటో తెలియదు. అసలు రోగం ఉందో లేదో తెలియదు. చేయబోయేది ముఖ్యంగా వైద్యం కాదు, వెతుకులాట. వెతకడం కోసం శరీరాన్ని కోయించుకోవచ్చా?

ముందు ఈ ఆపరేషన్ ఏమిటో చూద్దాం. దీన్ని లాపరోస్కోపీ అంటారు. పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, సన్నని గొట్టానికి అమర్చిన కెమెరాతో గర్భసంచి, ట్యూబులు, అండాశయాలను చూస్తారు. పరికరాల కోసం కింద మరొకటో రెండో గాట్లు పెడతారు. కింది నుంచి నీలం రంగు ద్రవం ఎక్కించి, అది ట్యూబుల చివర నుంచి బయటికి వస్తున్నదో లేదో గమనిస్తారు. స్కానింగులో, ఎక్స్‌రేలో కనబడని కొన్ని సంగతులు ఇందులో కనబడతాయి. లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండటం, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు, మన దేశంలోనైతే టీబీ గుర్తులు. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్ళిపోతారు. వాయువు వల్ల కొన్నాళ్ళు భుజం నొప్పి ఉండవచ్చు. పేగుకో రక్తనాళానికో దెబ్బ తగలడం వంటి పెద్ద ప్రమాదం వెయ్యిమందిలో ఇద్దరికి జరగవచ్చని బ్రిటన్‌లోని స్త్రీ వైద్య నిపుణుల కళాశాల చెబుతుంది. తక్కువే. కానీ ఆ ఇద్దరిలో మన ఇంటి ఆడపిల్ల ఉంటే మనకది తక్కువ కాదు.

ఇక షరీఅత్ దృష్టి. ఔరంగజేబు కాలంలో, 17వ శతాబ్దంలో, హనఫీ ఉలమా సంకలనం చేసిన ఫతావా ఆలంగీరీలో ఒక విభజన ఉంది. మదర్సాలో చదివే రోజుల్లో దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టామే తప్ప, ఒక ఇంటి కన్నీటికి అది ఎంత పనికొస్తుందో అప్పుడు నాకు తెలియలేదు. ఇమామ్ గజాలీ (రహిమహుల్లాహ్) కూడా ఇహ్యా ఉలూమిద్దీన్‌లో తవక్కుల్ అధ్యాయం కింద ఈ చర్చే చేశారు. హానిని తొలగించే సాధనాలు మూడు రకాలు. మొదటివి ఖతయీ, అంటే నిశ్చయమైనవి. దాహానికి నీళ్ళు, ఆకలికి రొట్టె. ప్రాణం పోతుందని తెలిసి వీటిని వదిలేయడం తవక్కుల్ కాదు, హరామ్. రెండవవి జన్నీ, అంటే పనిచేస్తాయని బలమైన అంచనా గలవి. రక్తం తీయించడం, విరేచనానికి మందు తాగడం వంటి మామూలు వైద్యాలు. ఇవి చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వదిలేసినా పాపం కాదు. మూడవవి వహ్మీ, అంటే ఫలితం కేవలం ఊహ మీద ఆధారపడినవి. వీటిని వదిలేయడమే తవక్కుల్‌కు దగ్గర.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. తావీజుల కోసం ఊరూరా తిరిగేటప్పుడు, పేరు తెలియని పొడులు తెచ్చి కోడలి చేత తాగించేటప్పుడు ఇది తవక్కుల్‌కు విరుద్ధమా అని ఏ ఇంట్లోనూ ఎవరూ అడగరు. డాక్టరు పేరు ఎత్తగానే అందరికీ తవక్కుల్ గుర్తొస్తుంది!

సరే, ఈ వెతుకులాట ఆపరేషన్ ఈ మూడింటిలో దేని కిందికి వస్తుంది? నా అవగాహన ప్రకారం దీనికి ఒకే సమాధానం లేదు. ఆపరేషన్ ఒకటే, కానీ మనిషిని బట్టి అది రెండవ రకంలోకి రావచ్చు, మూడవ రకంలోకి జారిపోవచ్చు. దాన్ని తేల్చేవి గుర్తులు. నెలసరి రోజుల్లో మంచం పట్టేంత నొప్పి, దాంపత్య సమయంలో నొప్పి, ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ, పేగు వాచి పగిలిన అపెండిక్స్ ఆపరేషన్, పొత్తికడుపులో వచ్చిన ఇన్ఫెక్షన్, స్కానింగులో కనబడిన గడ్డ, ఎక్స్‌రేలో మూసుకుపోయినట్టు కనిపించిన ట్యూబు. వీటిలో ఏదైనా ఉంటే లోపల ఏదో ఉందన్న అంచనాకు బలం ఉంది. అప్పుడు చూడటం జన్నీ సాధనమే. టీబీ అనుమానం ఉంటే మాట ఇంకా గట్టిగా చెప్పాలి. అది సంతానానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఆమె ఆరోగ్యానికి సంబంధించింది. దానికి మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. అక్కడ సబ్ర్ పేరుతో ఆలస్యం చేయకూడదు. నాలుగేళ్ళ క్రితం నేను చేసిన పొరపాటు అదే.

ఈ గుర్తులేవీ లేకపోతే? అప్పుడు పరిస్థితి వేరు. ఒకప్పుడు కారణం తెలియని సంతానలేమి అని రాసే ముందు ఈ ఆపరేషన్ చేసి తీరాలని చాలామంది డాక్టర్లు భావించేవారు. ఇప్పుడు ఆ అభిప్రాయం మారింది. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం 2023లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, కారణం తెలియని సంతానలేమిని నిర్ధారించడానికి అందరికీ మామూలుగా లాపరోస్కోపీ చేయనవసరం లేదని పేర్కొన్నది. అలాగని దీని వల్ల ఏ ప్రయోజనమూ లేదని కాదు. కెనడాలో 341 మంది స్త్రీలపై జరిగిన ఒక అధ్యయనం 1997లో వెలువడింది. వారందరికీ తక్కువ స్థాయి ఎండోమెట్రియోసిస్ ఉన్నట్టు కెమెరాలో కనబడింది. దాన్ని అక్కడికక్కడే తొలగించినవారిలో నూటికి సుమారు 31 మంది, చూసి వదిలేసినవారిలో సుమారు 18 మంది తర్వాతి 36 వారాల్లో గర్భం దాల్చి నిలుపుకున్నారు. ఇటలీలో 1999లో వచ్చిన ఇంకొక చిన్న అధ్యయనంలో మాత్రం అటువంటి లాభం కనబడలేదు. ఈ లెక్కలు కూడా జబ్బు ఉన్నట్టు తేలినవారివి. ఏ గుర్తూ లేని స్త్రీలో ఆ జబ్బు కనబడుతుందన్నది ముందే ఒక అంచనా. అంచనా మీద అంచనా పేర్చుకుంటూ పోతే జన్నీ కాస్తా వహ్మీకి దగ్గరవుతుంది.

ఆ రాత్రి నా అహ్లియా లోపలి గదిలో ఆ సోదరిని ఈ గుర్తుల గురించి ఒక్కొక్కటిగా అడిగింది. ఆమెకు ఏవీ లేవు. మరి ఆపరేషన్ చేయించుకోవాలని నీకెందుకు అనిపిస్తోందమ్మా అని అడిగితే, ఆమె ఇచ్చిన సమాధానం విని నేను తెర ఇవతల కాసేపు మౌనంగా ఉండిపోయాను.

“బిడ్డ కోసమే కాదు బాజీ. లోపం నాలో ఉందో లేదో తెలిస్తే చాలు. ఆరేళ్ళుగా ఎవరు ఏమన్నా నాకు జవాబు లేదు. కనీసం ఇదిగో ఇది అని చెప్పుకోవడానికి ఒక పేరైనా దొరుకుతుంది కదా.”

పాఠకులారా, తెలుసుకోవాలన్న ఈ కోరిక ఈమాన్ బలహీనతా? కాదు. ఇబ్రాహీం (అలైహిస్సలాం) అంతటి ప్రవక్త, మృతులను ఎలా బ్రతికిస్తావో నాకు చూపించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. నీకు విశ్వాసం లేదా అని అడిగితే, ఉంది, కానీ మనసు నెమ్మది కోసం అని మనవి చేశారు. అల్లాహ్ ఆయన్ను మందలించలేదు, చూపించాడు. మనసు నెమ్మది కోరడం తప్పయితే ఆ వృత్తాంతం సూరె బఖరాలో ఉండేది కాదు.

కానీ ఆ సోదరికి చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఇబ్రాహీం (అ) అడిగింది సర్వం తెలిసిన అల్లాహ్‌ను. ఆమె అడగబోయేది ఒక కెమెరాను. కెమెరా కూడా ఏమీ లేదనే చెప్పవచ్చు. అప్పుడు మిగిలేది అదే ప్రశ్న, పైగా పొట్ట మీద రెండు మూడు గాట్లు. ఒకవేళ ఏదో చిన్న అతుకు కనబడిందే అనుకోండి, పిల్లలు లేకపోవడానికి అదే కారణమని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. అటువంటి అతుకులుండి కూడా తల్లులైనవారు ఉన్నారు. కారణం వేరు, సంతానం వేరు. కారణం తెలిసినా సంతానం రాకపోవచ్చు, కారణం తెలియకుండానే రావచ్చు. వయసు తక్కువగా ఉన్న ఇటువంటి దంపతుల్లో ఏ చికిత్సా లేకుండానే గర్భం వచ్చినవారు చాలామంది ఉన్నారని డాక్టర్లే చెబుతారు. అందుకని డాక్టరు గారిని అడగవలసిన ప్రశ్న ఒకటే అన్నాను. ఈ ఆపరేషన్‌లో ఏమీ కనబడకపోతే తర్వాత మీరు ఏం చేస్తారు, ఏదైనా కనబడితే ఏం చేస్తారు? రెండింటికీ సమాధానం ఒకటే అయితే, అంటే ఎలాగూ ఐయూఐకో ఐవీఎఫ్‌కో వెళ్ళమంటారనుకుంటే, మధ్యలో ఈ కోత దేనికి? రెండు దారులు వేరైతే అప్పుడు ఆపరేషన్‌కు అర్థం ఉంది. వయసు 35 దాటితే ఎదురుచూడటానికి కూడా ఖరీదు ఉంటుందన్నది మరచిపోకూడదు. (ఐవీఎఫ్ భార్యాభర్తల సొంత కణాలతో, నికాహ్ బంధంలో ఉన్నంతవరకే అనుమతి గలది. దాత వీర్యం, దాత అండం తీసుకోవడం హరామ్ అన్నది ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ 1986లోనే అమ్మాన్‌లో తేల్చి చెప్పింది. ఆ వివరాలు ఈ వ్యాసం పరిధి కాదు.)

మరి నిర్ణయం ఎవరిది? నా దృష్టిలో అసలు సమస్య ఇక్కడే ఉంది. మూర్ఛవ్యాధితో బాధపడే ఒక నల్లజాతి స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి దుఆ చేయమని కోరిన హదీసు బుఖారీలో ఉంది. ఆయన ఆమె ముందు రెండు దారులు పెట్టారు. ఓర్చుకుంటే స్వర్గం, కావాలంటే స్వస్థత కోసం దుఆ. ఆమె ఓర్పును ఎంచుకున్నది. కాని మూర్ఛలో తన ఒంటి మీది బట్ట తొలగిపోతున్నదని, అలా జరగకుండా దుఆ చేయమని కోరింది. ఆయన చేశారు. ఈ హదీసును మనం ఓర్పు గొప్పదనం చెప్పడానికే వాడుతుంటాం. కానీ గమనించండి, ఎంచుకున్నది ఎవరు? ఆమె భర్త కాదు, అత్తగారు కాదు, మొహల్లా పెద్దలు కాదు. సాక్షాత్తూ దైవప్రవక్త (స) కూడా ఆమె తరఫున నిర్ణయించలేదు. శరీరం ఆమెది, ఓర్చవలసింది ఆమె, కాబట్టి ఎంపిక ఆమెకే వదిలేశారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) వంటివారు వైద్యం మానుకుని ఓర్చుకోవడం మేలన్నారంటే, అది ఎవరికివారు తమ విషయంలో ఎంచుకోవలసిన మేలు. ఇంకొకరి శరీరం మీద మనం సబ్ర్ చేయలేము. అలాగే ఇంకొకరి శరీరాన్ని మన ఆశ కోసం థియేటర్‌లోకి తోయడానికి కూడా మనకు హక్కు లేదు.

మన ఇళ్ళలో జరుగుతున్నది ఏమిటి? పెళ్ళయిన రెండో ఏడు నుంచే కోడలిని ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు. స్కానింగులు, సూదులు, ట్యూబుల ఎక్స్‌రే, చివరికి ఆపరేషన్ మాట కూడా వచ్చేస్తుంది. అబ్బాయికి వీర్య పరీక్ష చేయించారా అంటే అత్తగారి ముఖం ఎర్రబడుతుంది. ఏ కోతా లేని, ఖర్చు తక్కువైన పరీక్ష అది. దాన్ని వదిలి ఆడపిల్ల పొట్ట కోయించడం జుల్మ్ కాక మరేమిటి? భర్త పరీక్ష జరగకుండా కారణం తెలియదన్న మాటకే అర్థం లేదు. జకరియ్యా (అ) వృత్తాంతం సూరె ఆలి ఇమ్రాన్‌లో చదవండి. తనకు కుమారుడెలా కలుగుతాడని ఆశ్చర్యపోతూ ఆయన ముందు తన వృద్ధాప్యం సంగతి చెప్పుకున్నారు, భార్య గొడ్రాలితనం తర్వాత చెప్పారు. ఒక ప్రవక్త లోపాన్ని లెక్కించేటప్పుడు తనతో మొదలుపెట్టారు. నా దగ్గరకు వచ్చిన ఆ యువకుడిని మాత్రం ఈ విషయంలో తప్పుపట్టలేను. అతని ఫైలులో మొదటి కాగితం అతనిదే.

సూరె షూరాలో అల్లాహ్ తాను కోరినవారికి కుమార్తెలను, కోరినవారికి కుమారులను, కోరినవారికి ఇద్దరినీ ఇస్తానని, కోరినవారిని సంతానం లేకుండా ఉంచుతానని తెలియజేశాడు. నాలుగో గుంపువారు శిక్ష పడినవారని అక్కడ ఎక్కడా లేదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)కు సంతానం కలుగలేదు. సఖియలందరికీ కున్యత్ ఉంది, నాకు లేదని ఆమె అన్నప్పుడు దైవప్రవక్త (స), ఆమె అక్క కొడుకు అబ్దుల్లాహ్ పేరు మీద ఉమ్మె అబ్దుల్లాహ్ అని పిలిపించుకోమన్నారు. ఆమె మనసులోని ఆ చిన్న వెలితిని ఆయన తేలిగ్గా తీసిపారేయలేదు. మన పెళ్ళిళ్ళలో, అఖీఖాలలో పిల్లలు లేని కోడలిని వెనక కూర్చోమనే పెద్దలు ఈ హదీసును ఒకసారి తలచుకోవాలి.

ఆపరేషన్ చేయించుకోవాలనే నిశ్చయించుకుంటే కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. లేడీ డాక్టరు దొరికితే ఆమె చేతనే చేయించుకోవాలి. దొరకకపోతే మగ డాక్టరు చేయవచ్చు, కానీ అవసరమైనంత మేరకే శరీరం కనబడాలి. ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ 1993లో బ్రూనై సమావేశంలో ఈ వరుసనే నిర్ణయించింది. థియేటర్‌లో ఎవరెవరు ఉంటారో ముందే అడగడం మర్యాదకు భంగం కాదు. ఆ మూర్ఛరోగి అయిన సోదరి తన పరదా గురించి దైవప్రవక్త (స) నే అడిగింది కదా. మత్తులో ఉండగా తప్పిన నమాజును ఖజా చేసుకోవాలి. ఇక ప్రాణావసరం కాని ఇటువంటి పనికి వడ్డీ అప్పు చేయడానికి నేను మాత్రం అనుమతి చూడలేకపోతున్నాను.

చివరగా ఆ యువకుడు అడిగిన ఇస్తిఖారా. అది ఎవరి పని వారే చేసుకోవలసింది, నేను మీ బదులు చేయడానికి అది కూపన్ కాదు అన్నాను. అతను నవ్వాడు. ముందు డాక్టరును అడగవలసినవి అడగండి, తెలిసినవారితో మష్వరా చేయండి, తర్వాత ఇద్దరూ చెరో రెండు రకాతులు చదివి దుఆ చేసుకోండి, మనసు మొగ్గిన వైపు అడుగు వేయండి, కల వస్తుందని ఎదురుచూడకండి అని చెప్పాను.

వెళ్ళే ముందు ఆ సోదరి తెర వెనక నుంచి తన భర్తను ఒక మాట అడిగింది. “చేయించుకుంటే, లోపల ఏం కనబడినా అమ్మీకి చెప్పనని మాటిస్తారా?”

అతను నావైపు చూశాడు. ఈ ప్రశ్న నన్ను కాదు, మిమ్మల్ని అడుగుతోంది అన్నాను. “ఇస్తున్నాను” అన్నాడు.

రెండు నెలల తర్వాత ఒక ఫజర్‌లో అతను నా పక్క సఫ్‌లో నిలబడ్డాడు. సలాం చేసుకున్నాం, ఇంట్లో అందరూ క్షేమమా అని అడిగాను. అల్‌హందులిల్లాహ్ అన్నాడు. ఆపరేషన్ సంగతి అతను ఎత్తలేదు, నేనూ అడగలేదు.